బీరువా మీద మూడు పుస్తకాలు

మా వదిన దీప్తి గారు గుడివాడలో కాలేజీ లెక్చరరు. మా ఆయనకి స్వయానా అక్క. ఆవిడ ఫోను చేసిందంటే మా ఇంట్లో ఏదో ఒకటి తేలిపోయిందనే అర్థం. మా లేఖని ఏ బళ్లో వెయ్యాలో ఆవిడే తేల్చింది. లెక్కలకి ట్యూషను వద్దన్నదీ ఆవిడే, హిందీకి పెట్టమన్నదీ ఆవిడే. నాకు ఆవిడ మీద కోపం లేదు. చదువుకున్న మనిషి, మంచే చెప్తుంది. కానీ లేఖ నా కూతురు. తొమ్మిదేళ్లలో దాని చదువు గురించి నన్ను ఎవరైనా ఒక్క మాట అడిగారా అని గిన్నెలు తోముకుంటూ అప్పుడప్పుడు అనుకునేదాన్ని.

మే నెలాఖరులో ఒక మధ్యాహ్నం ఆవిడ ఫోను చేసి, "బిందూ, లేఖ పుట్టినరోజుకి ఈసారి గౌను కొనను. కథల పుస్తకాలు కొంటాను, మొత్తం సెట్టు" అంది. "మాయలూ, రాజ్యాలూ, అట్టాంటివి. ఫాంటసీ సీరీస్ అంటారు. ఒకదాంట్లో పడ్డారంటే పిల్లలు ఇంక తల ఎత్తరు. మూడు సెట్లు అనుకున్నాను. ఫొటోలు పంపుతా. ముందు ఏది చదివించాలో నువ్వు చెప్పు."

"నేనా వదినా?"

"నువ్వు కాకపోతే ఎవరు? పోయినేడు నేను కొన్న జనరల్ నాలెడ్జి పుస్తకాలు ఎక్కడున్నాయో చెప్పు చూద్దాం."

బీరువా మీద ఉన్నాయి. బూజు దులిపినప్పుడల్లా నేనే దింపి, తుడిచి, నేనే పైన పెడుతున్నాను. ఆ మాట చెప్పలేక నసిగాను.

"తెలుసులే. నాకు పాఠం చెప్పడం వచ్చు గానీ ఆ పిల్లకి ఏది రుచిస్తుందో నాకేం తెలుసు? పది రోజులు టైమిస్తున్నా. బాగా చూసి చెప్పు" అని పెట్టేసింది.

ఫోను చేతిలో పట్టుకుని అట్టాగే నిలబడిపోయాను. ముందు సంతోషం వేసింది. ఆ వెనకాలే భయం వచ్చింది.

భయం ఎందుకంటే, మాది కోడూరు దగ్గర పల్లె. అవనిగడ్డలో ఇంటర్ ఫస్టియర్ చదువుతుండగా సంబంధం కుదిరింది. బస్సు పాసుకి ఇంకా రెండు నెలలు గడువుండగానే పెళ్లయి ఘంటసాల వచ్చేశాను. తెలుగు ఎంత లావు పుస్తకమైనా చదువుతాను. ఇంగ్లీషంటే మందు సీసా మీద రాసింది కూడబలుక్కునేంత. ఆ సంగతి లేఖకి తెలియకుండా నాలుగో తరగతి దాకా నెట్టుకొచ్చాను. హోంవర్కు చూసేటప్పుడు, "చేతిరాత బావుండాలి" అనేదాన్ని. చేతిరాత చూడటానికి భాష రానక్కర్లేదు గదా.

ఇంకో సంగతి కూడా ఉంది. మార్చిలో బడికి పిలిచినప్పుడు టీచరు గారు, "పాపకి మార్కులు బానే వస్తాయండీ. కానీ పాఠం కానిది ఒక్క ముక్క చదవదు" అన్నారు. ఇప్పుడు నేను చెప్పిన సెట్టు కూడా బీరువా ఎక్కిందనుకోండి, పుస్తకమంటే పైన పెట్టుకునే వస్తువని దానికి నాటుకుపోతుంది. నన్ను కూడా ఇంక ఎవరూ ఏదీ అడగరు.

మా ఆయన యుగంధర్ అన్నం తింటూ అంతా విని, "మా అక్కనే తేల్చమను. నీకెందుకొచ్చిన గోల?" అన్నారు. చెడ్డగా అనలేదు. గోల తగ్గిద్దామనే అన్నారు. కానీ ఆ మాటతోనే నాకు పట్టుదల వచ్చింది.

శనివారం పొద్దున్నే బందరు బస్సెక్కాను. కోనేరు సెంటరు దాటాక ఒక సందులో నాంచారయ్య గారని పాత పుస్తకాలు అమ్మే ఆయన ఉన్నాడు. లేఖ స్కూలు పుస్తకాలు ఆయన దగ్గరే కొంటాం. ఫోన్లో ఫొటోలు చూపించాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి చూసి, లోపలికెళ్లి మూడు సెట్లలోవీ మొదటి పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

మొదటిది ఇటుకరాయంత లావు. ఇంగ్లీషు. ఏదో చలిదేశపు రాజ్యం కథట, మొత్తం ఏడు భాగాలు. రెండోది పల్చటిది, అదీ ఇంగ్లీషే. పేజీ పేజీకీ బొమ్మలు, రెక్కల గుర్రాలకి బడి పెట్టిన కథ. మూడోది తెలుగు. చెరువు అడుగున ఉన్న ఊరికి వెళ్లే అక్కాచెల్లెళ్ల కథ.

"పాపకి ఎన్నేళ్లమ్మా?"

"తొమ్మిది నిండుతున్నాయండీ."

"ఇంగ్లీషు మీడియమేనా?"

"అవునండీ."

"మీరేం చదివారు?"

"ఇంటరండీ" అన్నాను. ఫస్టియర్ అనలేదు.

"అయితే పర్లేదు. ఈ లావుది ఇచ్చేట్టయితే మాత్రం పక్కన పెద్దవాళ్లు కూచుని చదివించాలమ్మా. లేకపోతే పిల్లలు మధ్యలో ఆగిపోతారు. పోయిన నెల ఒక ఆఫీసరు గారి పిల్లాడు ముప్పయ్యో పేజీ దగ్గర వదిలేశాడని వెనక్కి తెచ్చిచ్చారు. మూడూ వారం రోజులు తీసుకెళ్లి చూసుకోండి. ఎప్పుడూ వచ్చేవాళ్లేగా. మరక పడకుండా చూడండి, చాలు."

బస్సులో మూడు పుస్తకాలూ ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. ఆయన అన్న మాటే చెవిలో తిరుగుతోంది. పక్కన పెద్దవాళ్లు కూచోవాలట. నేను కూచుంటే ఏం లాభం?

ఇంటికి రాగానే ముందు చేసిన పని, మూడింటికీ బ్రౌన్ పేపరు అట్టలు వెయ్యడం. అరువు పుస్తకాలు, లేఖ చేతులకి ఎప్పుడూ మామిడి రసమే. మా ఆయన చూసి నవ్వారు.

"ఏంటే, మూడింటికీ యూనిఫారం కుట్టించావా? ఏది ఏదో ఎట్టా తెలుస్తుంది?"

"లావుని బట్టి తెలుస్తుందిలెండి" అన్నాను కోపంగా. అయితే లేఖ అట్టల మీది బొమ్మలు చూడకుండానే చదవాల్సొచ్చింది. అది మంచికే జరిగిందని తర్వాత అనిపించింది.

ముందు నేను చదువుదామనుకున్నాను. తెలుగు పుస్తకం ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. పొయ్యి మీద పప్పు మాడింది కూడా. గుర్రాల పుస్తకం బొమ్మల సాయంతో సగం అర్థమైంది. లావు పుస్తకం మొదటి పేజీకి గంట పట్టింది. ఒక్కో మాటా ఫోన్లో కొట్టి, అర్థం చూసి, వెనక్కొచ్చేసరికి వాక్యం ఎక్కడ మొదలైందో మర్చిపోయేదాన్ని. మూడో పేజీ దగ్గర మూసేశాను.

ఉన్న మాట చెప్పాలంటే నా మనసు తెలుగు పుస్తకం మీదే ఉంది. కథ బావుందన్నది ఒక కారణం. అది తీసుకుంటే లేఖ ఏదైనా అడిగినప్పుడు నేను చెప్పగలను, నా గుట్టు దాగుతుంది అన్నది రెండో కారణం. ఆ రెండో కారణం కోసమే మొదటిది చెప్తున్నానేమోనని నా మీద నాకే అనుమానం వచ్చింది. అందుకని లేఖ చేతే మూడింట్లోనూ పదేసి పేజీలు చదివిద్దామనుకున్నాను.

సోమవారం పూటకో పుస్తకం చొప్పున పొద్దున చదివింది, మధ్యాహ్నం చదివింది, సాయంత్రం చదివింది. పది పేజీలు కాగానే పుస్తకం తీసుకుని బీరువా మీద పెట్టేశాను. పక్కనే నిలబడి, "ఎట్టా ఉంది?" అని అడిగాను.

"బావుందమ్మా."

"గుర్రాలదో?"

"బావుంది."

"తెలుగుది?"

"అదీ బావుంది."

మంగళవారం పాలు తాగుతుంటే అడిగాను, జడ వేస్తూ అడిగాను. "అన్నీ బావుంటే ఎట్టానే? ఏది ఎక్కువ బావుంది?"

అది అద్దంలో నా మొహం చూసి, "నీకు ఏది బావుందమ్మా?" అంది. నేను ఏది చెప్తే అదే చెప్పడానికి సిద్ధంగా ఉంది.

అదే రోజు మా అత్తయ్య పాపాయమ్మ గారి దగ్గర చివాట్లు తిన్నాను. నారుమళ్లకి ముందు ఇంట్లో దాచిన విత్తనం మొలక చూడటం మా ఇంట్లో కోడలి పని. వంద గింజలు లెక్కపెట్టి, తడిపిన గోనెగుడ్డలో చుట్టి, నీడలో పెట్టాలి. నాలుగో రోజున విప్పితే వందకి ఎన్ని మొలిచాయో తెలుస్తుంది. ఎనభై దాటితే ఆ విత్తనం చల్లుకోవచ్చు. ఆ గుడ్డ సోమవారమే కట్టాను.

"ఏం అమ్మాయ్, గుడ్డ ఎన్నిసార్లు విప్పావు?"

"ఒక్కసారేనండీ."

"నిజం చెప్పు."

"నాలుగు సార్లు అత్తయ్యా."

"అనుకున్నా. అంచు ఆరిపోయింది చూడు. విప్పి విప్పి చూస్తే మొలిచే గింజ కూడా మొలవదు. నువ్వు కంగారు పడుతున్నావని అది తొందరపడుద్దా? మళ్లీ వంద లెక్కపెట్టి కట్టు. మూడు రోజులు ఆ గుడ్డ జోలికి పోమాక, నీళ్లు నేను చిలకరిస్తా. ఆ పిల్ల జోలికి కూడా పోమాక. నిన్నట్నించి దాన్నీ ఇట్టాగే విప్పి చూస్తన్నావు."

ఆవిడ మామూలుగా దెప్పినట్టే దెప్పింది. నేను మాత్రం గింజలు లెక్కపెడుతూ ముప్పై ఏడు దగ్గర ఆగిపోయాను. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాల్సొచ్చింది.

పుస్తకాలు బీరువా మీదే ఉంచేశాను. గురువారం దాకా వాటి పేరెత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అబ్బ, ఎంత కష్టమో! మంగళవారం మిగిలిన పూటంతా లేఖ టీవీ ముందు కూచుంది. బుధవారం అన్నం దగ్గర, "అమ్మా, గుర్రానికి రెక్కలుంటే కళ్లెం ఎక్కడ కడతారు?" అంది. ఒకటి మొలిచిందనుకున్నాను. "ఏమో" అన్నాను, అంతే. అది పెరుగు కలుపుకుని వెళ్లిపోయింది. మళ్లీ గుర్రం మాట ఎత్తలేదు. చెరువు అడుగు ఊరి మాట అసలు రానే లేదు. సాయంత్రం నాలుక చివరి దాకా వచ్చిన ప్రశ్నని మింగేసి, పని లేకపోయినా పెరట్లో బట్టలు మళ్లీ ఉతికాను.

గురువారం మధ్యాహ్నం ముగ్గుపిండి డబ్బా కనిపించలేదు. వెతుక్కుంటూ వెనక వడ్లు ఆరబోసే గచ్చు మీదికి వెళ్లాను.

గచ్చు సగం మేర తెల్లటి గీతలు. లేఖ మధ్యలో గొంతుక్కూచుని ఉంది, మోచేతుల దాకా ముగ్గుపిండి. మా అత్తయ్య వేపచెట్టు నీడన కుర్చీలో కూచుని చూస్తోంది.

"తొక్కొద్దమ్మా! అటు నుంచి రా. అది నది."

"ఏం నదే?"

"మన కాలవ. కథలో నది గదా, అందుకని మన కాలవ పెట్టా. ఇది మన ఊరి స్థూపం దిబ్బ. కోట ఇక్కడే. ఇది బస్టాపు, ఇక్కడ కాపలావాళ్లుంటారు. ఇది మన ఇల్లు, పటం దాచేది మనమే."

లావు పుస్తకం. దాంట్లో కథకి ముందు ఒక పటం ఉందని నాకు గుర్తుంది. నేను దాన్ని తిప్పేసి కథలోకి వెళ్లాను. లేఖ దాన్ని ఒక్కసారి చూసి, మూడు రోజులు తలలో పెట్టుకుని, మా ఊరి మీద పరిచేసింది.

"ప్రతి చలికాలం ఒక దారి మాయమైపోద్దమ్మా. అటు వెళ్లినోళ్లు కూడా ఎవరికీ గుర్తుండరు. పటం దాచే పిల్లకి ఒక్కదానికే గుర్తుంటుంది. ఇప్పుడు ఏ దారి పోయిందో చెప్పే టయానికి పదో పేజీ అయిపోయింది, నువ్వు లాగేసుకున్నావు! నిన్న స్టూలేసుకుని ఎక్కా. అందలేదు. నాయనమ్మని దింపమంటే, మీ అమ్మనే అడుగు అంది."

మా అత్తయ్య వంక చూశాను. ఆవిడ ఆకాశం వంక చూస్తోంది.

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వు మూడూ తీసేశావుగా. తిరిగిచ్చేస్తావేమో అనుకున్నా." అది చేతులు దులుపుకుంది. "అమ్మా, మూడో పేజీలో ఆ పిల్ల వాళ్ల నాన్నతో ఏదో అంటుంది. నాన్న ఏడుస్తాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. నువ్వు చదివావు గదా, చెప్పు."

చేతిరాత బావుండాలి అని తప్పించుకోడానికి ఇక్కడ చేతిరాత లేదు. ఎండలో గచ్చు మీద నిలబడి చెప్పేశాను.

"నేనూ మూడో పేజీ దగ్గరే ఆగిపోయాను తల్లీ. నాకు ఇంగ్లీషు అంత రాదు. నా చదువు ఇంటర్ ఫస్టియర్ మధ్యలో ఆగిపోయింది."

అది నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"అందుకా ఎప్పుడూ చేతిరాత ఒక్కటే చూస్తావు?" అంది. గబుక్కున లేచి నిలబడి, "సరేలే. నేను పైకి చదువుతా. తెలీని మాట వస్తే నువ్వు ఫోన్లో వెతుకు. నాకైతే ఫోను ముట్టుకోవద్దంటావు గదా" అంది.

లావు పుస్తకం దింపాను. అత్తయ్య కుర్చీ పక్కనే మెట్టు మీద కూచున్నాం. మూడో పేజీ ముగ్గురం కలిసి చదివాం. అది ఒక్కో వాక్యం చదివేది, నేను మాట వెతికేదాన్ని, మా అత్తయ్య, "ఆఁ, తర్వాత?" అనేది. ఆ పిల్ల మర్చిపోనిది వాళ్ల అమ్మనట. మాయమైన దారిలో వెళ్లింది వాళ్ల అమ్మే. నాన్నకి గుర్తు లేదు. ఎందుకో తెలియకుండానే ఏడుస్తున్నాడు. అర్థమయ్యాక మా అత్తయ్య చెంగుతో ముక్కు తుడుచుకుని, "పాపిష్టి దారి" అంది.

సాయంత్రం మా ఆయన చేను నుంచి వచ్చారు. రోజూ బండి గచ్చు మీదే పెడతారు. ఆ రోజు పటం చూసి, గేటు బయటే ఆపి, చెప్పులు చేత్తో పట్టుకుని అంచు వెంబడి నడిచి వచ్చారు. నాకు అదే చాలా అనిపించింది.

శుక్రవారం పొద్దున విత్తనం గుడ్డ విప్పాం. లేఖే లెక్కపెట్టింది. ఎనభై ఎనిమిది.

వదినకి ఫోను చేశాను. "లావుదండీ. ఏడు భాగాలది."

"అదా?" అంది ఆవిడ. "బిందూ, దానికి తొమ్మిదేళ్లు. అది మా ఇంటర్ పిల్లలకే కొరుకుడు పడదు. ముందు గుర్రాలది కొందాం. రెండేళ్లు పోయాక ఇది చూద్దాంలే."

ఎప్పుడైనా అయితే, "అట్టాగే వదినా" అని పెట్టేసేదాన్ని. నోటి దాకా వచ్చింది కూడా. వంటింటి కిటికీలోంచి గచ్చు కనిపిస్తోంది. గాలికి కోట దగ్గర పిండి కొంచెం చెదిరింది.

"లేదు వదినా. మీరు నన్ను చూసి చెప్పమన్నారు. నేను చూశాను. గుర్రాల పుస్తకానికి ఒక్క ప్రశ్న మొలిచింది. తెలుగుది నాకు నచ్చింది, లేఖకి నచ్చలేదు. ఈ పుస్తకానికి మాత్రం స్టూలు ఎక్కింది, గచ్చంతా గీసింది, నాయనమ్మని ఏడిపించింది. మాటలు కష్టమే, నేను పక్కన కూచుని వెతుకుతాను. ముందు చదవాల్సింది ఇదే."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"గచ్చంతా ఏం గీసింది?" అంది ఆవిడ.

చెప్పాను. విత్తనం గుడ్డ సంగతి కూడా చెప్పాను. ఆవిడ మొదట నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి, "నేను ఇరవై ఏళ్ల నుంచి పాఠం కాగానే 'అర్థమైందా?' అని అడుగుతూనే ఉన్నా" అంది. "పిల్లలంతా 'అర్థమైంది మేడమ్' అంటారు. ఆ ముగ్గు చెరిపెయ్యమాక, ఫొటో పంపు. ఏడూ ఆర్డరు పెడుతున్నా."

పుట్టినరోజు గుడివాడలో వదిన ఇంట్లోనే చేశారు. ఆవిడ కాలేజీ వాళ్లు నలుగురు వచ్చారు. కేకు కోశాక వదిన ఏడు పుస్తకాలూ బల్ల మీద వరసగా పేర్చి పెట్టింది. లేఖ మిగిలిన ఆరింటి వంకా చూడకుండా మొదటిదాన్ని లాక్కుని, బందరు నుంచి తెచ్చిన అరువు పుస్తకంలో ఎక్కడ ఆపిందో ఆ పేజీ తీసుకుని సోఫా వెనక్కి వెళ్లిపోయింది. అది నూట నాలుగో పేజీ. కేకు ముక్క ప్లేటులోనే ఉండిపోయింది.

వదిన స్నేహితురాలు ఒకావిడ కళ్లు పెద్దవి చేసి, "ఇంత చిన్నపిల్లకి ఈ సీరీస్ ఎవరు సెలెక్ట్ చేశారు దీప్తీ? నువ్వేనా?" అంది.

"నా వల్ల ఎక్కడవుతుంది? మా బిందు" అంది వదిన, నా భుజం మీద చెయ్యి వేసి. "మూడూ తెచ్చి, పరీక్ష పెట్టి మరీ తేల్చింది. నేను వద్దంటే నా మాటే కొట్టేసింది."

అందరూ నా వైపు చూశారు. ఆ స్నేహితురాలు మర్యాదగానే అడిగింది, "మీరేం చదివారండీ?"

"ఇంటర్ ఫస్టియర్ తోటి ఆగిపోయిందండీ" అన్నాను. "ఇప్పుడు ఇందులో నలభై రెండో పేజీలో ఉన్నాను. మా అమ్మాయి ఆగలేక ముందుకెళ్లిపోయింది. తర్వాత ఏం జరుగుద్దో చెప్పేస్తానంటుంది, నేను చెప్పనివ్వట్లేదు."